కనకమ్మ సత్రం మౌనస్వామి

ఇప్పుడు ఎవరేమడిగినా నా నోరు ఆగదు గానీ, కొత్తగా ఉద్యోగం కుదిరిన ఆ రోజుల్లో ఒక పూటంతా నేను మూగవాడిగా బతికాను. పోలీసు వెరిఫికేషన్ అయ్యాకే చేర్చుకుంటామని చెన్నై కంపెనీవాళ్లు చెప్పారు. కేసు పడితే ఉద్యోగం గోవిందా! సరిగ్గా అప్పుడే, ఆడికృత్తిక పండక్కి సుబ్రహ్మణ్యస్వామి మొక్కు తీర్చుకుందామని పసుపు పంచె కట్టి, రుద్రాక్షలు వేసుకుని, బావ బైకు మీద తిరువళ్లూరు నుంచి తిరుత్తణి కొండకి బయలుదేరిన నన్ను కనకమ్మ సత్రం ఊళ్లో పోలీసులు ఆపి స్టేషన్‌కి తీసుకుపోయారు. ముందురోజు ఈ బైకే ఒకామె కొబ్బరిబోండాల తోపుడుబండిని గుద్దేసి, ఆగకుండా పోయిందట!

బావ తిరుత్తణి కోర్టులో కొత్త లాయరు. ఫోన్ చేస్తే ఒకటే మాట: "రేయ్, నోరు తెరిస్తే సచ్చినావే. పేరడిగినా చెప్పబాక. నేనొచ్చి మాట్లాడతా."

"నిన్న సాయంత్రం యాడ ఉండినావు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. నేను పలకలేదు. "కాఫీ తాగతావా?" దానికీ పలకలేదు (లాయరు చెప్పాడు మరి). ఇంతలో ముసలి కానిస్టేబుల్ నా పంచె చూసి, "సార్, మురుగనికి మౌనవ్రతం పట్టినట్టుండాడు. పలికిస్తే పాపం సార్" అన్నాడు. కుర్చీ వచ్చింది. ఫ్యాను నావైపు తిరిగింది. ఆయన చెప్పులు విడిచి, "సామీ, మా పాప పెండ్లి కుదరాల" అని చేతులు కట్టుకున్నాడు. కాదనాలన్నా నోరు తెరవాలి కదా! ఆయన నుదుట విభూతి పెట్టాను.

అంతలో కొబ్బరిబోండాలామె వచ్చింది. "అయ్యో, ఈ సామి కాదు సార్! వాడు లావుగా ఉండె. నల్లకోటు ఏసుకోనుండె." నల్లకోటా! నేను గుమ్మం వైపు చూశాను. అప్పుడే బావ కోటు దులుపుకుంటూ, "నా క్లయింటుని ఏ సెక్షన్ కింద పట్టుకొచ్చినారు?" అని గర్జిస్తూ దిగాడు.

"ఇవరే దాన్ సార్! ఈయనే!" అని ఆమె కేక పెట్టింది.

బావ మొహంలో నెత్తురుచుక్క లేదు. సెక్షన్లన్నీ నోటికొచ్చిన మనిషి, "అదీ... దిగి చూద్దామనే అనుకుంటి సార్... బ్రేకు..." అంటూ అంతా కక్కేస్తున్నాడు! నా నోరు ఇక ఆగలేదు.

"బావా, నోరు తెరవబాక! నేను లాయర్ని పిలస్తా!"

స్టేషనంతా నావైపు తిరిగింది. ముసలి కానిస్టేబుల్ మాత్రం కళ్లు తుడుచుకుని, "సామి పలికినాడు" అన్నాడు.

బావ ఆమెకి కొత్త తోపుడుబండి చేయించి ఇచ్చాడు. నా ఉద్యోగం నాకు దక్కింది. సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో కానిస్టేబుల్ గారి పాప పెళ్లి కొండమీదే జరిగింది. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, విస్తరిలో అడక్కుండానే అన్నీ వడ్డించి, ఒక్క మాట మాట్లాడనివ్వలేదు. ఆ పసుపు పంచె కుర్రాడికి దక్కిన మర్యాద, ఇంత వాగే నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు.