అయస్కాంతం అంటుకున్న అతుకు

అద్దకం యజమానులారా, మా వెల్డింగు మేస్త్రీని దొంగను చేసింది మీరే. పాడైన స్పీకరులోంచి అయస్కాంతం పీకి, జేబులో వేసుకుని తిరిగిన మీరే. ఆయన మొన్న మంగళవారం పెనుకొండలో పోయారు. ఊపిరితిత్తుల జబ్బు అన్నారు డాక్టర్లు. పని లేక ఏళ్ల తరబడి గడపలో కూర్చున్న సంగతి ఏ చీటీలోనూ రాయలేదు.

హిందూపురం షెడ్డులో ఆయన ధర్మవరం అద్దకం వాళ్లకు స్టీలు తొట్టెలు చేసేవారు. పట్టునూలుకు రంగు పట్టించే పులుపు, ఉప్పు కలిసిన నీళ్లు కాగేది వాటిలోనే. అతుకులు రుద్దడానికి ఆయన దగ్గర రెండు తీగ బ్రష్షులుండేవి. స్టీలుకు వాడేదానికి ఎర్రగుడ్డ కట్టి ఉండేది. దాన్ని ఎవరైనా ఇనుము మీద రుద్దితే ఊరుకునేవారు కాదు. "ఇనుము గీకిన బ్రష్షు తగిలితే ఆడ్నే తుప్పు లేస్తాది. స్టీలుకు రోషమెక్కువప్పా" అనేవారు.

తొంభైల చివర్లో ఒక అద్దకం యజమాని వచ్చి కొత్త తొట్టె అతుకు మీద అయస్కాంతం పెట్టాడు. కొంచెం లాగింది. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నేను పక్కనే ఉన్నాను.

"ఏమప్పా మేస్త్రీ, స్టీలని చెప్పి ఇనప రాడ్డుతో అతికినావే?"

"లేదు సామీ. అతుకులో రవ్వంత ఆ గుణం ఉండాల. ఉంటేనే సల్లారేటప్పుడు పగలదు. రేకుకు పెట్టి సూడు, అంటుకోదు."

"కతలు సెప్పొద్దు. అంటుకోకుండా సేసేవాళ్లు శానామంది ఉండారు."

"నాకూ పెట్టి సూడప్పా, నా రక్తంలోనూ ఇనుమే ఉండాది" అని నవ్వించబోయారు. ఎవరూ నవ్వలేదు.

ఆ మాట ఊరంతా పాకింది. ఏడాదికల్లా పని సగమైంది. అప్పుడాయన లొంగిపోయారు. అయస్కాంతం అంటని అతుకునిచ్చే వేరే రాడ్డు తెచ్చారు. చల్లారేటప్పుడు సన్నగా చీలే భయం దానికే ఎక్కువ. "తెలిసీ సేస్తాండా" అన్నారు నాతో, తలెత్తకుండా.

తప్పు ఆయనది కాదా అంటారు. కొంత ఆయనదే. ఆ తప్పు చేయకపోతే పని ఇవ్వమన్నది ఎవరు?

పైకి తళతళలాడే అతుకులో వెంట్రుకంత చీలికల్లోకి ఉప్పునీళ్లు చేరి లోపల్లోపల తినేశాయి. రెండో ఏట ఒక తొట్టె అతుకు వెంబడే తెరుచుకుంది. కాగే రంగునీళ్లలో ఒక కార్మికురాలి కాళ్లు మోకాళ్ల దాకా కాలాయి. 'మేస్త్రీ మోసం' అని కరపత్రం రాసి పంచింది నేను. ఆయన చెప్పిందంతా విన్నవాణ్ని, అయినా రాశాను. ఆయన దాన్ని చివరిదాకా చదివి, మడిచి, "అచ్చుతప్పులు ల్యావప్పా" అన్నారు. ఆ నెలలోనే షెడ్డు మూశారు.

దండలు వద్దు, సంతాప సభ వద్దు. చేయాల్సినవి ఇవి:

అద్దకం తొట్టెల అతుకులన్నిటికీ చీలికలు బయటపెట్టే పరీక్ష పని తెలిసినవాళ్ల చేత చేయించాలి.

చీలిక కనబడిన తొట్టె కింద మంట పెట్టకూడదు.

కాళ్లు కాలిన ఆమె వైద్యం ఇప్పటికైనా ఆ తొట్టె యజమానే భరించాలి.

ఆయన దొంగ కాదని పెనుకొండ వెళ్లి, ఆయన భార్య ముందు నిలబడి చెప్పాలి. మొదట నేను చెప్పాలి.