రేపల్లె మీదుగా ఒక మొక్కు

తెనాలి నుంచి బాపట్ల వెళ్ళడానికి రైళ్ళకేం తక్కువ లేదు. ఎక్కి కూర్చుంటే గంటలో దిగిపోవచ్చు. నేను మాత్రం ముందు రేపల్లె వెళ్ళి, అక్కడి నుంచి బస్సులో బాపట్ల చేరి, సాయంత్రం రైలుకి తెనాలి వచ్చాను. “తిన్నగా పోయేదానికి ఈ చుట్టు తిరుగుడేంటి?” అని మా ఆయన విసుక్కున్నారు. రేపల్లెలో మా అత్తయ్యను ఒప్పించకుండా బాపట్ల వెళ్ళినా లాభం లేదని నాకు తెలుసు.

అత్తయ్య అంటే మా మేనమామ భార్య. రేపల్లెలో కొడుకు దగ్గర ఉంటుంది. ఆవిడ కూతురు రాజేశ్వరి వదినది బాపట్లలో కాపురం. వానాకాలం మొదట్లో వదినకు రొమ్ములో గడ్డ బయటపడింది. గుంటూరులో ఆపరేషన్ చేశారు, గాయం మానింది. ఇక కీమో మొదలుపెట్టాలి రమ్మని డాక్టరు గారు తేదీ ఇస్తే వదిన వెళ్ళలేదు. ఇంకో తేదీ ఇచ్చారు, దానికీ వెళ్ళలేదు. మా స్కూలుకి దసరా సెలవులు ఇచ్చిన రోజు వాళ్ళాయన నాకు ఫోన్ చేశారు.

“చెల్లెమ్మా, మీ వదిన కదలనంటోంది. ఇంకా ఆలస్యం చేస్తే చేసిన ఆపరేషన్ కూడా దండగైపోతుందని డాక్టరు గారు కోప్పడ్డారు. ఈ బాధ పడి వచ్చినదానివి, నువ్వు చెబితే వింటుందేమో.”

అడ్డం పడింది ఒక మొక్కు. గడ్డ సంగతి తెలిసిన రోజే అత్తయ్య తిరుపతి వెంకన్నకు మొక్కుకుంది, కూతురికి నయమైతే తలనీలాలు ఇప్పిస్తానని. వదినది పీట మీద కూర్చుంటే నేల మీద పరుచుకునే జుట్టు. ఆ తర్వాత తెలిసింది, కీమో పడితే జుట్టంతా రాలిపోతుందని. స్వామికి ఇస్తానన్న జుట్టు మందుకి పోతే మొక్కు మాటేంటి? పోనీ ముందే వెళ్ళి ఇచ్చేద్దామంటే అత్తయ్య ఒప్పుకోలేదట. “ముందే ఇచ్చేస్తే ఇంక ఆయనకి మనతో పనేముంది?” అందట.

మీకు నవ్వు రావచ్చు. నాకైతే ఒళ్ళు మండింది.

అంతకు ముందు ఏడాది నాకూ ఇదే జబ్బు. ఎడమ పక్క రొమ్ము తీసేశారు. తర్వాత కీమో, తర్వాత కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, అన్నీ అయ్యాయి. జుట్టు రెండో కీమో సెలైన్‌కి ముందే పోయింది. దాన్ని తట్టుకున్నాను గానీ కనుబొమలు పోయినప్పుడు ఏడ్చాను. బొట్టు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అద్దంలో చూసి అందాజుగా పెట్టుకుంటే ఒకరోజు పైకి, ఒకరోజు కిందకి. రేపల్లె బయలుదేరేనాటికి నా తల మీద రెండు వేళ్ళ మందాన జుట్టు మొలిచింది. సాపుగా ఉండే నా జుట్టు ఈసారి రింగులు తిరిగి వచ్చింది, అక్కడక్కడా తెలుపు. కొంగు కప్పుకోవడం మానేసి కొద్ది రోజులే అయింది.

ఏడు దాటాక రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. పండగ రోజులు కాబట్టి పెందరాళే స్టేషన్‌కి వెళ్ళి కిటికీ పక్క సీటు పట్టాను. మీరు వెళ్ళేటట్టయితే టిఫిన్ తెనాలిలోనే కానివ్వండి, దారిలో స్టేషన్లన్నీ చిన్నవి. సంచీ కుడి చేత్తోనే మోశాను. ఎడమ చేత్తో బరువు ఎత్తితే వాస్తుందని డాక్టర్లు చెప్పారు. రెండు పక్కలా వరిచేలు పచ్చగా, కాలువ నిండుగా ఉన్నాయి. కిటికీ గాలి తల మాడుకి నేరుగా తగులుతుంటే హాయిగా ఉంది. జడ ఉన్న రోజుల్లో ఈ సుఖం నాకు తెలియదు.

వేమూరులో జామకాయల గంపతో ఒకావిడ ఎక్కి నా పక్కన సర్దుకుంది. నా తల కేసి చూసి చేతులు జోడించింది.

“తిరపతి ఎల్లొచ్చావా అమ్మా?”

వివరం చెప్పే ఓపిక లేక అవునన్నాను.

“లడ్డేదీ మరి?”

“అయిపోయిందమ్మా.”

“అదేంటి తల్లీ, ఒక్క పలుకైనా దాచుకోలేదా!” అని నొచ్చుకుంది. నా జుట్టుని చూస్తే గుండు చేయించుకుని నెలలు గడిచాయని తెలుస్తూనే ఉంది. అన్నాళ్ళు లడ్డు ఎక్కడ దాచాలో ఆవిడే చెప్పాలి. ఎదుటి సీట్లో పేపరు చదువుతున్న పెద్దాయన ఆ కాగితం దించి, “ఏం మొక్కండీ?” అని అడిగారు. ఆడవాళ్ళ మొక్కులు ఈయనకెందుకని చిర్రెత్తుకొచ్చింది.

“బతకాలనండీ” అన్నాను.

ఆయన మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు. జామకాయల ఆవిడ మాత్రం ఒక కాయ తీసి చీర చెంగుకి తుడిచి నా చేతిలో పెట్టింది. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. భట్టిప్రోలు దాటేదాకా ఆ కాయ కొరుకుతూ కూర్చున్నాను. నాలుక మీద రుచి తెలియడం కూడా నాకు అప్పటికి కొత్త ముచ్చటే. కీమో రోజుల్లో ఏం తిన్నా ఇనుప ముక్క నాకినట్టు ఉండేది.

రేపల్లెలో రైలు ఆగిపోతుంది, ఆ పైన పట్టాలు లేవు. స్టేషన్ నుంచి అత్తయ్య వాళ్ళ ఇంటికి రిక్షాలో వెళ్ళాను. అత్తయ్య వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని గోరుచిక్కుళ్ళు తరుగుతోంది. నన్ను చూసి లేవబోయింది. నేనే పక్కన చతికిలబడ్డాను.

“చిక్కిపోయావే సుగుణా” అంది.

“నా సంగతి తర్వాత. నీ మొక్కు సంగతి చెప్పు. సరిగ్గా ఏమని మొక్కుకున్నావు? ఒక్క మాట పోకుండా చెప్పు.”

“ఏమని మొక్కుకుంటారే? ‘స్వామీ, నా బిడ్డకి నయమైతే దాని తలనీలాలు నీకిస్తాను’ అన్నాను. ఇప్పుడు అవి దేవుడి సొమ్ము. మందుకి పోగొడితే ఊరుకుంటాడా?”

“ఏ తలనీలాలు?”

“ఏ తలనీలాలేంటే? దానికెన్ని తలలున్నాయి?”

“నయమైతే అన్నావా, నయం కాకముందే అన్నావా?”

“నయమైతేనే అన్నాను.”

“మరి నయమయ్యాక తల మీద ఏ జుట్టు ఉంటే అదేగా ఆయనది? ఇప్పుడున్న జుట్టు ఆయనదని ఎవరు చెప్పారు నీకు?”

అత్తయ్య కత్తిపీట పక్కకి జరిపింది. బడిలో పిల్లల చేత వాక్యాలు విడగొట్టించడం నాకు అలవాటే కాబట్టి గెలిచాననుకున్నాను. ఆవిడ కరగలేదు. “మాటలతో దేవుణ్ణి మాయ చేస్తామా?” అంది. ఇక లాభం లేదని ఆవిడ చెయ్యి పట్టుకుని నా నెత్తి మీద పెట్టుకున్నాను.

“మందుకి పోయాక వచ్చింది ఇదిగో, ఇది. చూడు.”

అత్తయ్య వేళ్ళకి గోరుచిక్కుడు వాసన. ముందు ఊరికే పెట్టింది. తర్వాత మెల్లగా నిమిరింది, ఒక రింగు వేలికి చుట్టుకుని లాగి చూసింది, చెవుల వెనకదాకా తడిమింది. ముగ్గురు పిల్లల్ని పెంచిన చెయ్యి అది.

“ఓసి నీ అఘాయిత్యం కూలా, ఇవి పుట్టెంట్రుకలే!” అంది.

ఆ మాట నాకు తట్టలేదు. డాక్టర్లకీ తట్టలేదు. పుట్టువెంట్రుకలు తీయించకుండా పిల్లల్ని పెంచే ఇల్లు మా వైపు ఉండదు. వాటికి వేరే మొక్కు అక్కర్లేదు, పుట్టిన రోజు నుంచే అవి దేవుడివి. అత్తయ్య నోట్లో నోట్లోనే ఏదో లెక్క వేసుకుంది. “పాతవి పోనీ. పుట్టెంట్రుకలు ఆయనకిస్తే కాదంటాడా? ఎగిరి గంతేస్తాడు” అని లేచి చీర మార్చుకోవడానికి వెళ్ళింది. గోరుచిక్కుళ్ళు కోడలికి అప్పగించాం.

బాపట్ల బస్సు చెరుకుపల్లి, చందోలు మీదుగా వెళుతుంది. రెండు గంటలు పడుతుందనుకుని బయలుదేరండి, త్వరగా చేరితే సంతోషం. రోడ్డు గతుకులు. ముందు సీట్లు దొరికితే నయం. దారి పొడుగునా అత్తయ్య కండక్టరుతో సహా చుట్టుపక్కల అందరికీ నా తల చూపించి, “మా మేనకోడలండి, మళ్ళీ పుట్టెంట్రుకలు వచ్చాయి” అని చెప్పింది. నాకు సిగ్గేసింది. అయినా ఆవిణ్ణి ఆపలేదు. కర్లపాలెం దాటాక నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

బాపట్లలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. వదిన వాళ్ళింట్లో పప్పుచారు, దొండకాయ వేపుడు. అన్నాలయ్యాక అత్తయ్య వచ్చిన పని చెప్పింది, మొక్కు అలాగే ఉంటుంది, తలనీలాలు మాత్రం కొత్తవి ఇద్దామని. వదిన నా వైపు తిరిగింది. “సుగుణా, ఒకసారి గదిలోకి రావే” అని లేచింది. లోపలికి వెళ్ళాక తలుపు గడియ పెట్టింది.

“అమ్మకి సరిపోయింది. ఇప్పుడు నాకు చెప్పు. నీకు నయమైందా?”

దారంతా నేను భయపడింది ఈ ప్రశ్నకే. అబద్ధం చెబితే పని సులువుగా అయిపోయేది. మంచం మీద కూర్చున్నాను.

“నయమైందని ఎవరూ చెప్పలేదు వదినా. కొన్నాళ్ళకోసారి వెళ్ళి చూపించుకోవాలి. వెళ్ళే ముందు మా ఆయన మీద ఊరికే కసురుకుంటాను. డాక్టరు గారు కాగితాలు తిరగేస్తుంటే ఆయన ముఖం కేసే చూస్తుంటాను. ఇప్పటికి బాగుంది అంటారు. ఇప్పటికి అన్న మాట ఒక్కసారి కూడా మానరు.”

“మరి ‘నయమైతే’ అన్న మొక్కు ఎప్పటికి తీరేట్టు?” అంది వదిన. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “మొక్కు కాదే, నేనే దాన్ని అడ్డం పెట్టుకున్నాను. ఆ మందు పెట్టించుకున్నాక కూడా తగ్గకపోతే? ఇంక చేసేదేమీ లేదంటారుగా. పెట్టించుకోకుండా ఉంటే ఇంకా ఒక దారి మిగిలే ఉందనిపిస్తుంది.”

నాకు తిట్టాలనిపించింది, కావలించుకోవాలనిపించింది. రెండూ చేశాను. “నీ తెలివి తెల్లారినట్టే ఉంది. దారి మిగుల్చుకుని ఇంట్లో కూర్చుంటే ఆ జబ్బు కూర్చుంటుందా?” అన్నాను. తర్వాత పైట తీసి నా ఛాతీ చూపించాను. జాకెట్టులో గుడ్డలు, దూది పెట్టి నేనే కుట్టుకున్న మెత్త చూపించాను. అది ఒకసారి బడిలో బోర్డు మీద రాస్తుంటే భుజం దాకా ఎగబాకిన సంగతి చెప్పాను. వదిన నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“నయమయ్యేదాకా ఆగొద్దు వదినా. జుట్టు వస్తే మొక్కు తీర్చేద్దాం. రావడం మాత్రం వస్తుంది, అది నేను చూశాను.”

వదిన నా నెత్తి మీద చెయ్యి వేసి చాలాసేపు నిమిరింది. తర్వాత తలుపు తీసి అత్తయ్యని పిలిచింది.

“అమ్మా, పుట్టెంట్రుకలంటే మేనమామ ఒళ్ళో కూర్చోవాలిగా. నా మేనమామకి ఎనభై దాటాయి. నేను ఒళ్ళో కూర్చుంటే ఆయన మోకాళ్ళు ఏం కావాలి?”

“నా ఒళ్ళో కూర్చో” అంది అత్తయ్య. నవ్వకుండానే అంది. “అప్పటిదాకా నేనుంటాను. నువ్వూ ఉండు.”

ఆ మాటకి మేం ముగ్గురం ఏడ్చాం. వరండాలో ఉన్న అన్నయ్య గారు, అదే వదిన వాళ్ళాయన, కంగారుగా లోపలికి వచ్చారు. వదిన ముక్కు తుడుచుకుని, “గుంటూరుకి పొద్దున్నే బస్సు ఎన్నింటికండీ?” అని అడిగింది. ఆయన వెంటనే చెప్పులేసుకుని కనుక్కోవడానికి వెళ్ళారు, రోజూ చూసే బస్సులే అయినా.

అత్తయ్య తోడుగా గుంటూరు వెళతానని అక్కడే ఉండిపోయింది. నేను సాయంత్రం రైలుకి బయలుదేరాను. ఆ వేళకి బాపట్లలో కూర్చోవడానికి సీటు దొరకదు, గుమ్మం దగ్గర నిలబడ్డాను. నిడుబ్రోలులో ఒకమ్మాయి జరిగి చోటిచ్చింది. బయట పొద్దు వాలుతోంది. ఎవరో పూల సంచీ పైన పెట్టినట్టున్నారు, రైలు పెట్టె నిండా చామంతి వాసన.

ఈ ప్రయాణంలో కొత్త ఊరేదీ చూడలేదు. సముద్రం అంత దగ్గర్లో ఉన్నా అటు వెళ్ళలేదు. ఎప్పుడూ తిరిగే దారులే. నాకు దేవుడి మీద భక్తి కూడా అంతంతమాత్రమే, జబ్బు పడినప్పుడు కూడా ఏ మొక్కూ మొక్కుకోలేదు. చుండూరు దాటుతుండగా కళ్ళు మూసుకుని మొదటిసారి గట్టిగా అడిగాను. మా వదిన జుట్టు నిలవాలని కాదు. అది రాలనీ, మళ్ళీ మొలవనీ. వచ్చే దసరాకి ఆవిడ నున్నటి గుండుతో, గంధం పూసుకుని, నా ఎదురుగా నిలబడి నవ్వాలి. స్వామీ, నాకా గుండు చూపించు.