పేషెంటును ఊరడిగిన ఓబుళమ్మ

2023 వేసవి. కడపలో కారం దోశెల హోటల్ మేడమీద మా కోచింగ్ సెంటర్. పొద్దున ఏడింటికి క్లాసు మొదలయ్యేసరికి కింద పెనం మీది ఎర్రకారం ఘాటు మెట్లెక్కి వచ్చేది. లిజనింగ్ టెస్టు మధ్యలో టేపులో ఇంగ్లీషాయన మాటల కంటే మా వాళ్ల దగ్గులే ఎక్కువ వినిపించేవి.

విదేశాల్లో పనిచేయాలనుకునే నర్సులకు ఓఈటీ అని ఒక ఇంగ్లీషు పరీక్ష ఉంది. అందులో అందరినీ భయపెట్టేది స్పీకింగ్. చేతికొక కార్డు ఇస్తారు. మూడు నిమిషాలు చదువుకోవాలి. తర్వాత ఐదు నిమిషాలు, పేషెంటుగా నటించే మనిషితో నర్సులాగా మాట్లాడాలి. దాన్ని రోల్‌ప్లే అంటారు. ఇంగ్లండులో ఉద్యోగానికి ఇందులో బి గ్రేడు రావలసిందే.

ఓబుళమ్మది బద్వేలు దగ్గర పల్లె. కడపలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో తొమ్మిదేళ్లుగా స్టాఫ్ నర్సు. పసిపిల్లల ఐసీయూలో పని నేర్చుకోవాలని ఆమె ఆశ. ఇంగ్లండులో ఒక ఆస్పత్రి ఆమెను ఆ వార్డుకే ఇంటర్వ్యూ చేసి తీసుకుంది. ఆగస్టు ముగిసేలోపల స్కోరు పంపితేనే ఉద్యోగం, లేకపోతే ఇంకొకరికి. ఇంటర్వ్యూలో బాగానే మాట్లాడిందట. అది నా దగ్గర చేరకముందు సంగతి.

మొదటిరోజు నేను షుగర్ పేషెంటునై కూర్చున్నాను. ఆమె ఎదురుగా కూర్చుని, “గుడ్ మార్నింగ్. విచ్ విలేజ్? హావ్ యు ఈటెన్?” అంది. క్లాసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

“ఏమ్మా, లండన్ ముసలమ్మను పట్టుకుని యా ఊరు అని అడుగుతావా? ఐదు నిమిషాల్లో రెండు ఈడనే పాయె!”

“అడక్కుంటే ఎట్లా సార్?” అంది మెల్లగా.

చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆమె మాట వినకుండా నేను రాసిన పుస్తకం చేతిలో పెట్టాను. అందులో నలభై వాక్యాలు, మొదటిది “ఐ అండర్‌స్టాండ్ యువర్ కన్సర్న్”. ఆ పుస్తకమంటే నాకు కాకిపిల్ల కాకికి ముద్దు లెక్క. ఓబుళమ్మ నలభైనీ కంఠతా పట్టింది. మిగతా మూడు భాగాలూ గట్టెక్కింది కానీ స్పీకింగులో రెండుసార్లు తప్పింది.

రెండోసారి ఫలితం పట్టుకుని నా ముందు నిలబడి కళ్లు తుడుచుకుంది. “అన్నీ అప్పజెప్పినా సార్. ఒక్కటి గూడా ఇడిసిపెట్టలేదు.”

నాకు జాలి వేయాల్సింది పోయి కోపం వచ్చింది. ఇంకా గట్టిగా బట్టీ పట్టమన్నాను.

జులైలో ఒక సాయంత్రం క్లాసు ముగించి స్కూటర్ తీస్తుంటే వీధికుక్క నా పిక్క పట్టింది. హోటలాయన పరుగున వచ్చి, పెద్దల కాలం నాటి వైద్యమని, గాయంలో గుప్పెడు కారం కూరాడు. నేను పెట్టిన కేక ఊరంతా విని ఉంటుంది. కుంటుకుంటూ దగ్గరలో ఉన్న ఆస్పత్రికి పోతే, అక్కడ డ్యూటీలో ఓబుళమ్మే ఉంది.

సూదంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణభయం. శిష్యురాలి ముందు అది చెప్పుకోలేను, కారం సంగతి అసలే చెప్పుకోలేను. ఆమె నన్ను కుళాయి దగ్గర కూర్చోబెట్టి సబ్బుతో కాలు కడుగుతూ అడిగింది.

“సార్, తిన్యారా?”

“లేదమ్మా.”

“బిస్కట్ తెప్పిస్తా, తినండి. కుక్క యా వీధిది? రోజూ ఆడనే తిరుగుతాండాదా?”

జవాబు చెబుతూ చెబుతూ ఉండగానే, “మనోళ్లు కుక్క కరిస్తే కారం పెడతారు సార్, మా నాయనకూ పెట్టినారు. మీకేమన్నా పెట్టినారా?” అంది. దాచుకుందామనుకున్నది ఠక్కున చెప్పేశాను. తిట్టలేదు, నవ్వలేదు. ఇంకో పది నిమిషాలు కడిగింది. డాక్టరు వచ్చి చూసి సూది రాశాడు. అది ఎప్పుడు వేసిందో కూడా నాకు సరిగ్గా తెలియలేదు. మిగతా సూదులు ఏయే రోజుల్లోనో చెప్పి, వెంటనే నన్నే అడిగింది.

“మళ్లీ యాపొద్దు రావాల్నో మీరే చెప్పండి సార్.”

“మూడో రోజు.”

“ఆపైన?”

తడబడ్డాను. మళ్లీ మొదటి నుంచి చెప్పించి, తప్పు లేకుండా అప్పజెప్పాకే వదిలింది. బల్లమీద కూర్చుని బిస్కట్ తింటూ నేను సిగ్గుతో చచ్చిపోయాను. పేషెంటు భయం పోగొట్టడం, దాచింది రాబట్టడం, చెప్పింది అర్థమైందో లేదో చూడటం. ఆ పరీక్షలో మార్కులు వేసేది సరిగ్గా వీటికే.

“ఊరెందుకు అడుగుతావమ్మా?” అన్నాను.

“రాయచోటి నుంచి వచ్చిన మనిషి ఉంటాడు సార్. ఆయప్ప ప్రతి సూదికీ ఈడికి రాలేడు గదా. ఆడి ఆసుపత్రికి రాసియ్యాల. తినకుండా వస్తే సూది ఏస్తానే కొందరు కండ్లు తిరిగి పడతారు.”

మర్నాడు క్లాసులో అందరి ముందూ, ఓబుళమ్మను చూసి నవ్వడం నా తప్పేనని చెప్పాను. పుస్తకం మూసేయమన్నాను. ఆమె రోజూ అడిగే ప్రశ్నలనే ఒక్కొక్కటిగా ఇంగ్లీషులో పెట్టుకున్నాం. ఊరు కాస్తా “హౌ ఫార్ ఫ్రమ్ హియర్ డు యు లివ్?” అయింది. కుక్క కరిచిన నా కాలే మా రోల్‌ప్లే.

మూడో పరీక్ష రాసి వచ్చి ఆమే చెప్పింది. కార్డులో ఒక ముసలాయన ఆస్పత్రిలో ఉండనని, ఇంటికి పోతానని మొండికేస్తాడట.

“ఇంట్లో ఎవరుండారని అడిగినా సార్. పిల్లి ఉండాదన్యాడు. దానికి తిండి ఎవురు పెడతాండారు అన్యా. ఆయప్ప నవ్వి, సరే ఉంటానని దావకొచ్చినాడు.”

ఆగస్టు చివర్లో ఫలితం వచ్చింది. బి గ్రేడు. ఫోనులో ఆమె ఏడుస్తోంది. గడువుకు నాలుగు రోజుల ముందు స్కోరు పంపించాం.

ఇప్పుడు కొత్తగా ఎవరు చేరినా మొదటి వారం ఇంగ్లీషు జోలికి పోను. “నిన్న వార్డులో ఎవరితో ఏం మాట్లాడినావో చెప్పు” అని తెలుగులోనే అడిగి, నేను రాసుకుంటాను. వాళ్లకు రానిది భాషే కానీ పని కాదు. ఈ మాట నాకు ముందే తెలిసి ఉంటే, ఓబుళమ్మ రెండుసార్లు తప్పి ఏడవాల్సిన పని ఉండేది కాదు.