లిఫ్టు గురించి బిందు రాసిన మెయిల్

హాస్టల్ భవనాల నిర్వహణ చూసుకునే ఒక చిన్న కంపెనీలో బిందు ఉద్యోగం. ఆఫీసు పంజాగుట్టలో. లిఫ్టులు, మోటార్లు ఎలా ఉన్నాయో తిరిగి చూసి రాసుకు రావడం ఆమె పని. ఎస్.ఆర్. నగర్‌లోని ఒక హాస్టల్‌లో లిఫ్టు రెండో అంతస్తు నుంచి జారిపడి, కోచింగ్ కోసం వచ్చి అక్కడ ఉంటున్న మానస అనే అమ్మాయి కాలు విరిగింది. అందరి చూపూ బిందు మీదే పడింది.

కంపెనీ తరఫున విచారణకు వచ్చిన రామ్మోహనరావు మీటింగ్ గదిలో కూర్చున్నారు. పక్కనే మేనేజర్ వంశీధర్.

"లిఫ్టు తాడు అరిగిందని ఎనిమిది నెలల కిందనే సార్‌కు మెయిల్ పెట్టిన," అంది బిందు.

"నాకేం రాలే," అన్నాడు వంశీధర్.

"ఉంటే ఇక్కడే చూపించమ్మా," అన్నారు రామ్మోహనరావు. "బయటికెళ్లి తెస్తే తయారు చేశావంటారు."

ఆ మెయిల్ బిందు ఇంట్లో కూర్చుని తన సొంత అకౌంట్‌లో రాసింది. మెయిల్ నిండిపోయిందని తమ్ముడు నరేందర్ పాతవన్నీ మధురానగర్ ఇంట్లో టీవీ కింద ఉండే చిన్న నల్ల కంప్యూటర్ డబ్బాలోకి దించి, బయట ఎక్కడున్నా ఫోన్లో చూసుకునేలా చేసిపెట్టాడు. బిందు ఫోన్ తీసి నొక్కింది. ఇంటి కంప్యూటర్ కలవలేదు. మళ్లీ నొక్కింది. అదే తీరు.

ఇంటికి ఫోన్ చేస్తే తండ్రి శివరాములు ఎత్తాడు. సిరిసిల్లలో మగ్గం మానేసి, ఇప్పుడు ఇంట్లో బట్టలు కుడుతున్న మనిషి.

"బాపూ, టీవీ కింద నల్లడబ్బాకు లైటు వెలుగుతున్నదా?"

"అదా? ఊకె గుయ్యిమంటుంటే ప్లగ్గు పీకేసిన బిడ్డా. ఇస్త్రీపెట్టె పెట్టుకున్న."

"జర మళ్ల పెట్టు. జల్దీ."

"ఏమైంది? గొంతు గట్లున్నదేంది?"

"ఏం లే బాపూ. పెట్టు."

తలుపు వేసే ఉంది. లేచి నిలబడితే పారిపోతున్నట్టు ఉంటుందని బిందు కుర్చీ అంచునే కూర్చుంది. ఐదు నిమిషాలకు కలిసింది. వెతికితే మెయిల్ దొరికింది. 'సార్, తాడులో పోగులు తెగి ఉన్నాయి. బాగుచేసేదాకా లిఫ్టు ఆపేయాలి.' తేదీ ఉంది. వంశీధర్ పేరుంది. ఆ పైన ఎర్రటి చిన్న అక్షరాల్లో 'డ్రాఫ్ట్' అని ఉంది.

పంపనే లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ నెలలోనే తనను సూపర్‌వైజర్‌ను చేస్తామన్నారు. సార్‌కు కోపమొస్తే ఎలా, పొద్దున పంపుదాంలే అనుకుని పక్కన పెట్టింది. పొద్దున ఇంకో హాస్టల్‌లో మోటారు కాలింది. రాసిన జ్ఞాపకమే, రోజులు గడిచేకొద్దీ పంపినట్టు మనసులో స్థిరపడిపోయింది.

"దొరికిందా?" అన్నారు రామ్మోహనరావు.

బిందు తెరను వేలితో కొంచెం పైకి జరిపింది. ఆ ఎర్ర మాట కనబడకుండా పోయింది. ఇప్పుడది పంపిన మెయిల్‌లాగే ఉంది. తొంగిచూసిన వంశీధర్ ముఖం పాలిపోయింది. తను చూడకుండా వదిలేశానేమోనని అతనికే అనుమానం వచ్చినట్టుంది. ఫోన్ అందుకోవడానికి రామ్మోహనరావు చెయ్యి చాచారు.

బిందు తెరను మళ్లీ కిందికి జరిపింది.

"రాసిన సార్. కాని పంపలే. వంశీధర్ సార్‌కు రాలేదన్నది నిజమే."

"అంటే, తెలిసీ ఊరుకున్నావన్నమాట."

"ఔ సార్."

ఆ మాటే ఆయన కాగితం మీద రాసుకున్నారు. ఏటా చేయించాల్సిన లిఫ్టు తనిఖీ రెండేళ్లుగా చేయించనందుకు వంశీధర్‌కు హెచ్చరిక వచ్చింది. బిందు ఉద్యోగం పోయింది.

వారం తర్వాత ఆమె ఆసుపత్రికి వెళ్లింది. మానస నిద్రపోతోంది. మంచం పక్కన తల్లి చిలకమ్మ కూర్చుని ఉంది.

"కంపెనీ పంపిందా?" అంది చిలకమ్మ.

"లేదు. నేనే వచ్చిన. ఆ లిఫ్టు తాడు తెగుతదని ముందుగాల్ల సూసింది నేనే. సూసి సుత ఎవ్వలకు చెప్పలే."

చిలకమ్మ కూసో అనలేదు. పో అనలేదు. బిందు అలాగే నిలబడింది.