గ్రేసమ్మత్త పరిచిన బండల దారి

పొద్దున మా కొత్త ఇంట్లో మేస్త్రీ, నిన్న పరిచిన పాత నాపబండల మీద బక్కెట్టెడు నీళ్లు కుమ్మరించాడు. దుమ్ము పట్టి ఉన్న బండలు ఒక్కసారిగా తడిసి మట్టి వాసన పైకి లేచింది. కర్నూలు ఎండల్లో పెరిగినవాళ్లకు ఆ వాసన తెలుసు. మధ్యాహ్నం ఇల్లు కడిగి, నేల ఆరీ ఆరకముందే వీపు ఆనించి పడుకున్నవాళ్లకు మరీ బాగా తెలుసు. అందరికీ ఆ వాసనతో నిద్ర గుర్తొస్తుందేమో, నాకు మాత్రం కోపం వస్తుంది. కోపం వెంటే నందికొట్కూరులో మా పక్కింటి గ్రేసమ్మత్త గుర్తొస్తుంది. ఆ రెండూ విడివిడిగా రావడం నేనింతవరకూ ఎరగను.

గ్రేసమ్మత్త అంగన్‌వాడీ టీచరు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆదివారం చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే మా మిద్దె మీదికి వినిపించేది. మాకూ వాళ్లకూ కులం వేరు, మతం వేరు, గోడ మాత్రం ఒకటే. ఆమెకు కోపమెక్కువని వీధి వీధంతా అనేది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా నాన్న కూడా నవ్వేవాడు. ఆమె కోపాన్ని దగ్గరనుంచి చూసినదాన్ని నేను. నేను ఏడో తరగతిలో ఉండగా తరగతి గదులు ఆడపిల్లలే ఊడ్చాలని మా బడిలో ఒక సారు నియమం పెట్టాడు. ఇంటికొచ్చి ఏడిస్తే, పని నేర్చుకుంటే మంచిదేలే అంది మా అమ్మ. గోడ అవతలనుంచి ఆ మాట విన్న గ్రేసమ్మత్త మరునాడు నా వెంట బడికి వచ్చింది. "ఏం సార్, మీ మగపిల్లోళ్లు గాల్లో నడుస్తాండారా? వాళ్ల కాళ్ల దుమ్ము గూడా ఈ నేల మీదే కదా పడేది" అని అందరి ముందూ అడిగింది. ఆ తర్వాత మగపిల్లలకూ చీపుర్లు వచ్చాయి. వాళ్లు నన్ను వెక్కిరిస్తున్నారని చెబితే, "నవ్వితే నవ్వనీలే పాపా, చీపురు వాళ్ల చేతికి వచ్చింది కదా" అంది. కోప్పడటం ఒక పని అనీ, దాన్ని పూర్తిగా చెయ్యాలనీ నాకు తెలిసింది ఆ రోజే.

నేను డిగ్రీలో ఉండగా వాళ్లు పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టారు. పాత నేల బండలు పగలకుండా తీసి పెరటి గోడకు ఆనించారు. ఇల్లు పడగొడితే బండలు దాచుకోవడం మా వైపు అలవాటు. ఆమె కోరింది ఒక్కటే. కొత్త ఇంట్లోనూ బండలే ఉండాలి, వాటికి నునుపు ఎక్కువ పట్టించొద్దు. వాళ్ల అత్త శాంతమ్మవ్వకు సుగరుతో అరికాళ్లు మొద్దుబారిపోయాయి. నడుస్తూ నడుస్తూ చెప్పు ఊడిపోయినా ఆమెకు తెలిసేది కాదు. ఇంట్లో మాట ఇంట్లో ఉండగానే గ్రేసమ్మత్త భర్త దావీదు మామ, ఆయన తమ్ముడు కర్నూలుకు పోయి టైల్స్ చూసొచ్చారు. చూసొచ్చారంటే కొనేసి వచ్చారన్నమాట. మా ఊళ్లలో ఇల్లు కట్టేటప్పుడు వంటింటి అల్మరా ఎంత ఎత్తుండాలో మాత్రం ఆడవాళ్లను అడుగుతారు, అదీ గుర్తుంటే. నేల గురించి ఎవరూ అడగరు. ఆ నేల ఊడ్చేదెవరు, దాని మీద కూర్చుని కూరగాయలు తరిగేదెవరు, మంచాలు చాలని రోజున దాని మీద పడుకునేదెవరు? ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు ఒళ్లు మండుతోంది. బండలు పరిస్తే గొడ్లపాకలా ఉంటుందని మామ తేల్చేశాడు.

పాస్టరుగారు వచ్చి గృహప్రవేశ ప్రార్థన చేసిన రోజున వీధంతా ఆ తెల్లటి టైల్స్ చూడటానికే వచ్చింది. శాంతమ్మవ్వ అందరికంటే మురిసిపోయింది. కుర్చీలోంచి వంగి నేలను చేత్తో నిమిరి, తన మొహం కనపడుతోందని నవ్వింది. మా వైపు ఇల్లు తడిగుడ్డతో తుడిస్తే తుడిచినట్టు లెక్క కాదు. బక్కెట్టు నీళ్లు కుమ్మరించి చీపురుతో తోస్తేనే కడిగినట్టు. బండల మీద తరతరాలుగా అలాగే చేశారు. నేల మారింది గాని అలవాటు మారలేదు. ఒక శనివారం ఇల్లు కడుగుతుండగా అవ్వ మంచం దిగి బాత్రూంకు పోబోయి జారిపడింది. తుంటి ఎముక విరిగింది. కర్నూలు ఆసుపత్రినుంచి తెచ్చి మంచం మీద పడుకోబెట్టాక ఇక లేవలేదు.

పరామర్శకు వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట, ముసలామె చూసుకుని నడవాల్సింది అని. ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత చెప్పుకుంటాం. ఇక్కడ మద్దెలే ఓడైనా తప్పంతా ఆడినామె మీదికే తోశారు. అవ్వ కూడా, అవును నాదే తప్పు అని గొణిగేది. గ్రేసమ్మత్త వచ్చినవాళ్లకు కాఫీలిచ్చేది. ఆమె అంత మౌనంగా ఉండటం చూసి నాకే భయమేసింది.

ఒక రోజు వాళ్లింట్లోనుంచి పెద్ద చప్పుడు వస్తే పరుగెత్తాను. గ్రేసమ్మత్త కొంగు బిగించి గడ్డపారతో టైల్స్ పగలగొడుతోంది. మంచం కాడినుంచి బాత్రూం గడప దాకా, మనిషి నడిచేంత వెడల్పున. పొలంనుంచి దావీదు మామ ఆయాసపడుతూ వచ్చాడు. కొత్త ఇల్లు నాశనం చేస్తాండావు, పిచ్చి పట్టిందా అని అరిచాడు. ఆమె గడ్డపార దించలేదు.

"పిచ్చే అనుకో. మీ అమ్మ లేచి నడిచే రోజు వస్తే యాడ అడుగు పెట్టాల? చెప్పు, నేను ఆపేస్తా."

అవ్వ మంచం మీదనుంచి కోడలినే చూస్తోంది, ఆమె కళ్లనుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. మామ వద్దన్నందుకు మేస్త్రీ రాలేదు. గ్రేసమ్మత్తే పెరటి గోడకున్న పాత బండలు తెచ్చి ఎగుడుదిగుడుగా పరుచుకుంది. నేను సిమెంటు కలిపిచ్చాను. తళతళలాడే హాలు మధ్యలో ఆ బూడిద రంగు దారి నిజంగానే వికారంగా ఉండేది. శాంతమ్మవ్వ దాని మీద ఒక్క అడుగు కూడా వెయ్యలేదు, ఆ వానాకాలంలోనే పోయింది. కొన్నాళ్లకు నేను ఉండబట్టలేక, అవ్వ నడవనే లేదు కదత్తా, ఇంకా ఎందుకు ఉంచావు అని అడిగాను.

"నడవల్యా కాబట్టే ఉండాల. ఈ ఇంట్లో తిరిగేటోళ్లందరి కాళ్లకూ తగలాల."

పోయిన ఏడాది గ్రేసమ్మత్త చనిపోయింది. దావీదు మామ అంతకుముందే పోయాడు. జ్ఞాపకార్థ కూడికకు నేను నందికొట్కూరు వెళ్లాను. హాల్లో బండల దారి లేదు! ఆ మేరకు తెల్లటి టైల్స్ వేసి, పైన పట్ట పరిచారు. నలుగురూ వచ్చే చోట బాగుండదని తీయించేశామని ఆమె కొడుకు మామూలుగా చెప్పాడు. ఆ తర్వాత ఒక పెద్దమనిషి లేచి, మన సహోదరి సాత్వికురాలు, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు అని సాక్ష్యం చెప్పాడు. సాత్వికురాలట! ఆమె నేలను తీసేశారు, ఆమె కోపాన్నీ తీసేశారు, ఇక మిగిలిందేముందని ఫోటోకు దండ వేశారో నాకర్థం కాలేదు. ఎవరి మొహమూ చూడబుద్ధి కాక పెరట్లోకి పోతే బండలు గోడకు ఆనించి ఉన్నాయి. అడిగితే, "తీసుకపోక్కా, ఈడ అడ్డంగా ఉండాయి" అన్నాడు కొడుకు. ఆటోలో వేయించుకుని కర్నూలుకు తెచ్చాను.

మా ఇంటి కథ చెప్పాలంటే సిగ్గేస్తుంది. మా ఆయనా మా మరిదీ టైల్స్ చూసొచ్చారు. మా అత్తకు కూడా సుగరే, అరికాళ్లలో స్పర్శ లేదు. అయినా ఆమెకు మెరిసే నేలే కావాలి, అందరిళ్లల్లో ఉండేది మనకెందుకు ల్యాదంటుంది. అత్త నడిచే చోట మ్యాట్ వేద్దామని మా ఆయన. నెల రోజులు పోట్లాడాను. చివరికి హాలంతా వాళ్లిష్టం, అత్త మంచం కాడినుంచి బాత్రూం దాకా నా ఇష్టమని మేస్త్రీ ముందే చెప్పేశాను. ఇదేందని వచ్చినోళ్లంతా అడుగుతారే అన్నాడు మా ఆయన. అడగాలనే వేయిస్తున్నానన్నాను.

పొద్దున మేస్త్రీ నీళ్లు కుమ్మరించినప్పుడు అత్త కూడా అక్కడే ఉంది. ఈ పాతబండలు ఎవరివే అని అడిగింది.

"ఇంకొకరి అత్తవి. ఆయమ్మ నడవల్యాకపోయింది. నువ్వు నడువు."

అత్త చెప్పులు విప్పి, నా భుజం పట్టుకుని, తడి బండల మీద మెల్లగా బాత్రూం గడప దాకా పోయి వచ్చింది. నీళ్లు పక్కనున్న టైల్స్ మీదికి పారాయి. అవతలనుంచి మా వైపు రాబోయిన మా ఆయన, ఒక అడుగు వేసి, కాలు జారబోయి, గోడ పట్టుకున్నాడు. నేనేమీ అనలేదు. గ్రేసమ్మత్త అయితే అనేది.