రొయ్యల కౌంటు చూసి కొన్న కంప్యూటర్

మా అల్లూరులో ఎవరైనా కంప్యూటర్ కొనాలనుకుంటే ఇప్పటికీ ముందు నా దగ్గరికే వస్తారు. నేను చెప్పేదంతా శ్రద్ధగా విని, పోయి దానికి సరిగ్గా ఎదురుది కొనుక్కుంటారు. అంత పేరు తెచ్చుకున్నాను. ఆ పేరు ఒకే ఒక్క ఆదివారం, యాభై మంది చూస్తుండగా వచ్చింది. ఎట్ట వచ్చిందో చెబుతాను, నవ్వుకోండి. ఊరంతా నవ్వేసింది, మిగిలింది మీరే.

అప్పుడే డిగ్రీ అయిపోయింది. మా నాన్న రొయ్యల గుంటలు చేస్తాడు. తెల్లారకముందే లేచి గట్ల మీద బురద తొక్కడం, మేత చల్లడం నా వల్ల కాదు, ఇంట్లో కూర్చుని గేములాడి ఆ వీడియోలు పెట్టి పైకొస్తానని నా పట్టు. దానికి మంచి గేమింగ్ కంప్యూటర్ కావాలి. ఒక్కో సామానూ విడిగా కొని సొంతంగా బిగించుకుంటేనే మగతనమని వీడియోల్లో చెప్పినారు. నెల రోజులు నాన్న ప్రాణం తీసినాను. ఆఖరికి ఆయన ఒకటే మాట అన్నాడు.

"సరే అబ్బయా, కొనుక్కో. నువ్వే ఏరుకో, నువ్వే బిగించుకో. ఆదివారం కూడికలో అది పనిచేసిందా, నీ దారి నీది. చెయ్యలేదా, సోమవారం నుంచి గుంటల కాడికి రా. మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు."

మా ఇళ్ళలో కొత్త వస్తువు ఏదొచ్చినా కృతజ్ఞతా కూడిక పెట్టాల్సిందే. బైకైనా బోరైనా చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి, తన చేత్తో ఆన్ చేస్తేనే అది మా ఇంటి వస్తువు. సామాన్లు ఇంకా నెల్లూరు షాపులో ఉండగానే మా అమ్మ సంఘమంతటినీ పిలిచేసింది, బిర్యానీకి చెప్పేసింది.

ఇక నా విద్య సంగతి. పుట్టినప్పటి నుంచి నేను విన్న లెక్క ఒకటే, రొయ్యల కౌంటు. కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. అంకె చిన్నదయ్యే కొద్దీ రొయ్య పెద్దది, సరుకు మేలు. ఇది మాకు పాలతో పట్టిన చదువు. కంప్యూటర్ వీడియోలు చూస్తుంటే ఒకాయన, పద్నాలుగు నానోమీటర్ల ప్రాసెసర్ కన్నా ఏడుది మేలన్నాడు. ఇంకొకాయన ఏదో ఆలస్యం అంకె పద్దెనిమిది కన్నా పదహారు మేలన్నాడు. చూసినారా, ఇక్కడా కౌంటే. నాకు కంప్యూటర్ శాస్త్రం మొత్తం అరగంటలో వచ్చేసింది.

ప్రాసెసర్, సామాన్లన్నీ కూర్చునే మదర్‌బోర్డు, రెండూ వీడియోలో చెప్పినవే తీసుకున్నాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. ర్యామ్ మాత్రం నా తెలివితో ఏరుకున్నాను. ర్యామంటే మదర్‌బోర్డు గాడిలో గుచ్చే అరచెయ్యంత పట్టీ. షాపు మస్తానన్న రెండు రకాలు బల్ల మీద పెట్టినాడు.

"ఇది డీడీఆర్ నాలుగు, ఇది ఐదు. ఏది కావాలబ్బయా?"

"నాలుగు ఇవ్వన్నా."

"నీ బోర్డు ఐదుది కదా. నాలుగు వేరే కంప్యూటర్‌కా?"

"దీనికే. మాది రొయ్యల ఊరన్నా, మాకు సరుకు తెలుసు."

మస్తానన్న నన్ను పెద్ద ఇంజనీరనుకున్నాడో, పిచ్చోడనుకున్నాడో, పొట్లం కట్టేసినాడు.

శనివారం మధ్యాహ్నం బిగించడానికి కూర్చున్నాను. అన్నీ చక్కగా కూర్చున్నాయి, ర్యామ్ తప్ప. గాడిలో పెడితే ఒక కొస దిగి ఇంకో కొస పైకి లేస్తుంది. తిప్పి పెట్టినాను. ఊది పెట్టినాను. కొబ్బరి నూనె కూడా తెచ్చినాను కానీ, దేవుడి దయ, పూయలేదు. చెమటలు కారిపోతుంటే మస్తానన్నకి ఫోన్ కొట్టినాను.

"అన్నా, ర్యామ్ దిగడం లేదు."

"ఎట్ట దిగుద్ది? నాలుగు పట్టీ ఐదు గాడిలో ఈ జన్మలో దిగదు. ఆ రోజే అడిగితిని."

"ఇప్పుడే వచ్చి మార్చుకుంటానన్నా."

"నేను పెళ్ళికని కోట ఊళ్ళో ఉండాను. షాపు మళ్ళీ సోమవారమే."

అబద్ధం ఎందుకు, ఏడుపొచ్చింది. కళ్ళ ముందు గుంటలు, గట్లు, మేత బస్తాలు వరసగా కనపడినాయి.

ఆదివారం ఆరాధన అవగానే సంఘమంతా మా వరండాలోకి దిగింది. అయ్యగారు ప్రార్థన చేసినారు. "ప్రభువా, ఈ బిడ్డకిచ్చిన జ్ఞానం కోసం నీకు వందనాలు" అనగానే అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేకపోయినాను. తర్వాత ఆయన బటన్ నొక్కినారు.

ర్యామ్ లేకపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ కలిసి వరండా అంతా తిరునాళ్ళ లాగా వెలిగిపోయింది. "ఎంత బాగుండాదో" అంది మేరమ్మత్త. చప్పట్లు కొట్టినారు. గండం గడిచిందనుకున్నాను.

"నాయనా, ఒక పాట పెట్టు" అన్నారు అయ్యగారు.

స్క్రీన్ మీద కటిక చీకటి. నోటికొచ్చింది అనేసినాను. "ఈ రోజు పెట్టకూడదయ్యగారూ. రొయ్య పిల్లలు రాగానే సంచుల్ని కాసేపు గుంట నీళ్ళల్లో తేలేసి అలవాటు చేస్తాం కదా. ఇదీ అంతే. ఒక రోజు మన కరెంటుకి అలవాటు పడాల."

యాభై మంది రొయ్యల రైతులు ఒక్కసారిగా తలలూపినారు. "నిజమేబ్బా, తొందరపడితే చచ్చిపోతాయి" అన్నాడు ఒక పెద్దాయన. అందరూ లేచి బిర్యానీ మీద పడినారు. ఒక్క మా నాన్న మాత్రం తల ఊపలేదు.

ఆకులెత్తేసినాక నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఏమైందో చెప్పు."

చెప్పేసినాను, కౌంటు సంగతితో సహా. తిడతాడని తల దించుకున్నాను. ఎంతసేపటికీ తిట్టు రాలేదు. తలెత్తి చూస్తే నాన్న పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు, కళ్ళెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఒసేయ్, ఇట్ట రా" అని ఇంకా ఇళ్ళకి పోని సంఘమంతా వినేట్టు మా అమ్మని కేకేసినాడు. "వీడికి మన పని అబ్బదని ఇన్నాళ్ళూ దిగులు పడితిని. కంప్యూటర్ షాపుకి పోయి కూడా కౌంటు చూసి కొన్నాడంటే, వీడిని మించిన రొయ్యల రైతు జిల్లాలో లేడు." నా వీపు మీద ఒకటి చరిచినాడు. "రేపు నాలుగున్నరకే లేపుతా."

ర్యామ్ మారింది, కంప్యూటర్ బ్రహ్మాండంగా పనిచేసింది. మాట మాత్రం మారలేదు. సోమవారం పొద్దున మోకాలి లోతు బురదలో నిలబడి, మేత బస్తా నెత్తిన పెట్టుకుని ప్రమాణం చేసినాను. ఈ ఒంట్లో ప్రాణం ఉన్నంత వరకు రొయ్యని తప్ప ఇంకే వస్తువునీ కౌంటు చూసి కొననని. ఈ రోజు దాకా ఆ మాట మీదే నిలబడి ఉన్నాను, చెప్పులు కొన్న ఆ ఒక్కసారి తప్ప.