నేను గీసిన ఆర్మూర్ రైల్వే లైన్

మొన్న ఆదివారం మా ఆర్మూర్ జనం నన్ను కొట్టకుంట ఇడిసిపెట్టిన్రంటే, గది నా నసీబు! చెప్త, చాయ్ తాగుకుంట ఇనుర్రి. గని నడుమల నవ్వొద్దు.

మా బామ్మర్ది దుబాయ్‌కెల్లి వచ్చిండు గద. అందరికి సెంటు సీసాలు, దుప్పట్లు ఇచ్చుకుంట ఇచ్చుకుంట నా చేతిల ఓ డబ్బా పెట్టిండు. ఇప్పి చూస్తే రైలు! ఇంజన్, బోగీలు, బోలెడన్ని పట్టాల ముక్కలు. కరెంట్ మీద నడుస్తది. "ఆర్మూర్‌కు రైలు లేదాయె, చిన్నప్పుడు రైలు చూసెటందుకు డిచ్‌పల్లి దాంక సైకిల్ తొక్కినవట గద బావా" అన్నడు. నలభై ఏండ్లు దగ్గరవడ్డోనికి ఆట రైలు! నా పెండ్లాం లలిత మూతి ముడిసింది. "నాకేమో దుప్పటి, మీకేమో రైలా?" నేను అప్పటికే పట్టాలు అర్రంత పరుస్తున్న.

ఎట్ల పరిచినా చుట్టు కలుస్తలేదు. ఓ పక్క కలిస్తే ఇంకో పక్క ఎడం వస్తున్నది. గిట్ల గాదు, పద్ధతిగ ప్లాన్ గీయాలె అనుకున్న. మరి నేను డ్రాఫ్ట్స్‌మన్‌ను గద! నిజామాబాద్ల నేను పనిచేసే కంట్రాక్టర్ ఆఫీసుకు కొత్తగ కంప్యూటర్ వచ్చింది. ఇప్పుడు స్కేలు లేదు, పెన్సిల్ లేదు, గీతలన్ని దాంట్లనే. లంచ్ టైంల అందరు బయటికి పోతే నేను కంప్యూటర్ ముందట కూసునుడు. పట్టా ముక్క ఒక్కటి కొలతతోని గీస్తే చాలు, కాపీ కొట్టుకుంట పోవచ్చు. మలుపులు గీసిన, లోపలి లైన్ గీసిన, మంచం కిందికెల్లి సొరంగం గీసిన! పైన పెద్దక్షరాలతోని ఇంగ్లీషుల 'ఆర్మూర్ రైల్వే లైన్ - ఫైనల్' అని కొట్టిన. ఫైనల్ ఎందుకంటే, అంతకుముందు గీసినయన్ని చెడగొట్టిన!

ఇగ అసలు కత. కొత్త షీటు తీస్తే అంచులు, కింద ఆఫీసు పేరు, స్కేలు అన్ని మళ్ల పెట్టాలె. బద్ధకమైంది. మురికినీళ్ల మోరీల పనికోసం గీసిన ఆర్మూర్ టౌన్ మ్యాప్ ఉండె. గా ఫైలునే కాపీ చేసి దాంట్ల గీసిన. కంప్యూటర్ల బొమ్మ పొరలు పొరలుగ ఉంటది, లేయర్లంటరు. గాజు పలకలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు. ఊరి మ్యాప్ ఉన్న లేయర్‌ను ఆఫ్ చేసిన. కనవడుత లేదు గద, ఇగ లేనట్టే అనుకున్న!

శనివారం సాయంత్రం బస్సుకు లేటైతున్నది. మా దగ్గర షీట్లు ప్రింట్ కొట్టే సుధాకర్‌ను "జర గీ ఒక్కటి కొట్టవా" అన్న. సుధాకర్ మంచోడు. మస్తు మంచోడు! "మ్యాప్ ఆఫ్ చేసి మర్చిపోయినట్టున్నడు పాపం" అనుకొని, నా మంచి కోరి అన్ని లేయర్లు ఆన్ చేసిండు. కాయితం చుట్ట చుట్టి, రబ్బర్ ఏసి చేతిల పెట్టిండు. నేను ఇప్పి చూడలె. పట్టాల కింద పరిచెటందుకు చెక్క కావాలె గద, ఆర్మూర్ల బస్సు దిగి, సీదా వడ్రంగి లక్ష్మణ్ దుకాణంల ఇచ్చి, "అన్నా, దీని తీరుగ చెక్క కొయ్యాలె, రేపొచ్చి చెప్త" అని ఇంటికి పోయిన.

తెల్లారి పండ్లు తోముకుంటున్న. గేటు కాడ లొల్లి. లలిత ఉరికొచ్చింది.

"ఏం జేసిన్రు మీరు? మందికి మంది మీ పేరు వెట్టి అడుగుతున్నరు!"

బ్రష్ నోట్లె పెట్టుకొనే బయటికి పోయిన. అందరి ముందల గంగన్న కాక. పసుపు యార్డు అవుతల ఆయనకు రెండెకరాల చేను. నాగలి బాగు చేయించెటందుకు లక్ష్మణ్ దుకాణంకు పోతే బల్ల మీద నా షీటు కనవడ్డదట. అదే చేతిల ఉంది.

"నర్సింగ్, మీ నాయిన, నేను ఒక్క బాయి నీళ్లు తాగినోళ్లం. నా పసుపు చేన్లకెల్లి రైలు గీస్తవా?"

షీటు చూసిన. మొత్తం ఆర్మూర్ మీద నా రైలు పట్టాలు! ఓ లైన్ యార్డు మీదికెల్లి, ఓ మలుపు బస్టాండ్ మీదికెల్లి, మంచం కింది సొరంగం సక్కగ దేవుని గుడి ఉన్న సిద్ధుల గుట్టలకు! కింద ఆఫీసు పేరు, స్కేలు, గీసినోని పేరు, అంటే నాది.

"గుట్టను తవ్వుతరా? సిగ్గు లేదా?"

"మా ఇంటి నడుమకెల్లి పోతున్నది!"

"ఫైనల్ అని రాసిన్రు. మమ్ముల అడిగేది లేదా?"

"గది ఆట రైలు కాకా!" అన్న. నోట్లె నురుగు, ఎవ్వలకు సమజ్ కాలె.

ఎనుకకెల్లి ఒకాయన ఒర్రిండు. "ఆట రైలుకు ఆఫీసు పేరుంటదా? నడువుర్రి, రోడ్డు మీద కూసుందాం. బస్సులు ఆపితే గని గీళ్లకు తెలువది!"

నోట్లె నురుగు ఉమ్మేసిన. బస్సులు ఆపితే పోలీసోళ్లొస్తరు. షీటు ఎమ్మార్వో కాడికి పోతది, ఆడికెల్లి మా కంట్రాక్టర్ సేటు కాడికి. ఆఫీసు కంప్యూటర్ల ఆట రైలు గీసినోనికి నౌకరి ఉంటదా?

"కాకా, నీ కాళ్లు మొక్కుత, లోపటికి రా. రైలు చూపిస్త!"

ఉరికురికి గా షీటు చూసుకుంట పట్టాలు జోడించిన. ఇంజన్ పెట్టిన, స్విచ్ ఏసిన. కదలలె. మళ్ల ఏసిన. కదలలె. పైకి చూసిన, ఫ్యాన్ తిరుగుత లేదు. కరెంట్ పోయింది!

కిటికీల నిండ మొకాలు. "నడువది, అబద్ధమాడుతున్నడు" అన్నరెవ్వలో. లలిత పాపం ఇంట్ల ఉన్న గ్లాసులు, గిన్నెలు అన్నిట్ల చాయ్ పోసి పంచింది. గంగన్న కాక ముట్టలె. ఇంజన్ దిక్కే చూసుకుంట కూసున్నడు. బయట కొందరు రోడ్డు దిక్కు కదిలిన్రు. "ఒక్క జరసేపు ఆగుర్రి" అనుకుంట గేటుకు అడ్డం నిలవడ్డ. ఒకాయన నా చెయ్యి పట్టి గుంజిండు కూడ.

గప్పుడు లోపట ఫ్యాన్ కిర్రుమన్నది! స్విచ్ ఏసే ఉండె గద, రైలు దానంతటదే కదిలింది. అందరు మళ్ల అర్రలకు తోసుకొచ్చిన్రు. రైలు మంచం కిందికి దూరింది. గంత మంది ఒక్కపారి ఒంగిన్రు. అవుతల్కెల్లి బయటికొచ్చింది. "అగో, వచ్చింది!" అన్నడు గంగన్న కాక. షీటు కింద పరిచి ఏలు పెట్టిండు.

"గిది నా చేను గద?"

"కాదు కాకా, మా అల్మారి."

"మరి గుట్ట?"

"మంచం."

ఎవ్వలో కిసుక్కున నవ్విన్రు. ఇగ అందరు నవ్వుడే! నా పానం లేచొచ్చింది. "సూసిన్రు గద, రైలు లేదు, ఏం లేదు. ఎవ్వల భూమి పోదు. ఫికర్ చేయకుండ్రి" అన్న.

నవ్వు టక్కున ఆగింది.

"అంటే, మన ఆర్మూర్‌కు రైలు రాదా?" అన్నడు కాక.

"రాదు కాకా."

"అసలుకే రాదా?"

"నాకేమెరుక కాకా? నేనైతే ఆటకు గీసిన."

కాక లేచి నిలవడ్డడు. "చేను పోతే పోయె, పసుపు మూటలు ఇంటి ముందట్నే రైలుకెత్తొచ్చని తొవ్వ పొడుగుత మనసుకు చెప్పుకుంట వచ్చిన. ఇప్పుడు రాదంటవా?"

"నేను స్టేషన్ కాడ హోటల్ పెడ్దామనుకున్న!" ఇంకొకాయన.

"మనకు రైలొస్తున్నదని మా అక్కకు భీమ్‌గల్‌కు కబురు గూడ పంపిన!" ఇంకొకామె.

ఒర్రుడు మొదటి లొల్లిని మించిపోయింది. "రానిదానికి ఫైనల్ అని ఎందుకు రాసినవ్?" అని అడిగిండు కాక. "అంతకుముందు గీసినయన్ని చెడిపోయినయి కాకా" అన్న, ఇనెటోళ్లెవ్వలు!

గ్లాసులు ఆడనే పెట్టి తిట్టుకుంట పోయిన్రు. నౌకరైతే దక్కింది, సేటు దాంక పోలె. గని ఇజ్జత్ దక్కలె. ఆర్మూర్‌కు రైలు తెచ్చినోడని పేరొస్తే ఎంత మంచిగుండు! ఇప్పుడు నేను బజార్ల పోతుంటే ఏలు పెట్టి చూపిస్తున్నరు:

"గీనే, మనకొచ్చిన రైలును ఆపినోడు!"